పది నిమిషాల తిప్పవలస

కొత్తరేవులో ఆ రోజుల్లో ఎవరింటికైనా పౌరసభ చీటీ వచ్చిందంటే ఇరుగుపొరుగువాళ్ళు తలా ఒక చెంబుడు మంచినీళ్ళు తెచ్చి ఆ ఇంటి బిందెలో పోసేవారు. పూలదండలూ మిఠాయిలూ కాదు, మంచినీళ్ళే. మనిషికి రోజుకి పది లీటర్లు రేషనుండే ఊళ్ళో చెంబుడు నీళ్ళంటే చిన్న కానుకేమీ కాదు. రెండువేల డెబ్భై నాలుగు నాటికి సముద్రం గుండ్లేటి పాయలోకి పద్దెనిమిది కిలోమీటర్లు ఎగబాకింది. బావులన్నీ ఉప్పుబారిపోయాయి. కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళు గిన్నెలు తోముకోవడానికి తప్ప ఎందుకూ పనికొచ్చేవి కావు. తాగే నీళ్ళు కొండమీది శుద్ధికేంద్రం నుంచి పొద్దున గంట, సాయంత్రం గంట వచ్చేవి.

పొట్నూరు కామేశ్వరికి చీటీ వచ్చిన ఉదయం డాక్టర్ చింతాడ సుభాషిణి ఆమె టిఫిన్ హోటల్లోనే ఉంది. రెండు ఇడ్లీలు తిని చెయ్యి తుడుచుకుంటోంది. చెయ్యి కడుక్కోవడమన్నది ఆ ఊళ్ళో మానేసి చాలాకాలమైంది. పోస్టాయన కవరు అందించాడు. కామేశ్వరి పెనం మీద అట్టు వదిలేసి, కళ్ళద్దాలు పెట్టుకుని, పైకి చదివింది.

"గుండ్లేటి ముఖద్వారం పౌరసభకు లాటరీ పద్ధతిలో మీరు సభ్యురాలిగా ఎంపికయ్యారు..." చదివి తలెత్తింది. "డాక్టరమ్మగారూ, ఇది మీ ఆఫీసుదే కదా? నేను ఏడో క్లాసు దాకా చదివానమ్మా. సముద్రాన్ని ఎక్కడ ఆపాలో నన్నడుగుతారా?"

"ఆ నీళ్ళు తాగేది మీరే కదండీ. మిమ్మల్నే అడగాలి" అంది సుభాషిణి నవ్వుతూ.

పది నిమిషాల్లో హోటలు ముందు చెంబులతో జనం పోగయ్యారు. అట్టు మాడిపోయింది. కామేశ్వరి పమిట కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆవిడకి కన్నీళ్ళు తొందర. భర్త పోయాక ఒంటిచేత్తో హోటలు నడుపుతూ, మూత్రపిండాలు చెడిన చెల్లెల్ని ఇంట్లో పెట్టుకుని సాకుతున్న మనిషి. ఆ చెల్లెలికి వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించాలి. దానికీ మంచినీళ్ళే కావాలి.

పౌరసభ అనేది కొత్త ఏర్పాటు. నదులూ అడవులూ తీరాల విషయంలో ఏ పెద్ద నిర్ణయమైనా లాటరీలో ఎంపికైన అరవై మంది మామూలు మనుషులు కూర్చుని, విషయం తెలిసినవాళ్ళ చేత చెప్పించుకుని, తర్కించుకుని, రహస్య ఓటుతో తేల్చాలి. వాళ్ళు తేల్చిందే చట్టం. దీన్ని సాధించడానికి ముప్పై ఏళ్ళు తిరిగినవాళ్ళలో సభ నిర్వాహకుడు షేక్ దావూద్ ఒకడు. ఆయనకిప్పుడు డెబ్భై దాటాయి. కుర్రతనంలో చూసిన ప్రజాభిప్రాయ సేకరణల గురించి ఎప్పుడూ చెబుతుండేవాడు. "షామియానా వేసేవాళ్ళమ్మా. ముందు మూడు వరసల్లో పోలీసులు కూర్చునేవాళ్ళు. మైకు మనదాకా వచ్చేసరికి కరెంటు పోయేది. జనం అంగీకరించారని రాసిన కాయితం సభకి రెండ్రోజుల ముందే అచ్చయిపోయి ఉండేది. మజ్జిగ పేకెట్ మాత్రం అందరికీ ఇచ్చేవాళ్ళు."

ఇప్పుడు గుండ్లేటి సభ ముందున్న ప్రశ్న ఒక్కటే. సముద్రకట్ట ఎక్కడ కట్టాలి?

లోపలి గీత మీద కడితే రెండేళ్ళలో పూర్తవుతుంది. ఉప్పునీరు ఆగుతుంది, కొత్తరేవు బావుల్లో మళ్ళీ తియ్యటి నీళ్ళూరతాయి. కాకపోతే పాయ చివర ఇసుకమేట మీదున్న తిప్పవలస కట్టకి అవతల పడిపోతుంది. మూడువందల పన్నెండు గడపలున్న జాలరిపేట అది. పదేళ్ళు తిరిగేసరికి సముద్రం కింద ఉంటుంది. అక్కడివాళ్ళకి ముప్పై కిలోమీటర్ల లోపల, మెట్టమీద ఇళ్ళిస్తారు. బయటి గీత మీద కడితే తిప్పవలస కూడా కట్ట లోపలే ఉంటుంది. అయితే ఆ పని తెమలడానికి ఏడేళ్ళు పడుతుంది. ఆ ఏడేళ్ళూ రెండు లక్షల మంది ఇదే పది లీటర్లతో నెట్టుకురావాలి.

సుభాషిణి పౌరసభ కార్యాలయంతో కలిసి పనిచేసే ఒక సంస్థలో నాడీశాస్త్రవేత్త. నలభై ఒకటో ఏడు. ఆమె తాతగారి ఊరు ఒక జలాశయం కింద మునిగిపోయింది. ఆయన బతికున్నన్నాళ్ళూ ఒకే మాట అంటుండేవాడు: "మా బాధ వాళ్ళకి తెలిస్తే అలా చేసుండేవారు కాదమ్మా." ఆ మాట పట్టుకుని ఆమె పన్నెండేళ్ళు పనిచేసింది. దాని ఫలితమే సహవేదిని.

చూడ్డానికి అది సన్నటి రాగిజలతారు టోపీలాంటిది. లోపలివైపు వెంట్రుక కంటే సన్నని నాలుగువేల సెన్సర్లుంటాయి. మనిషికి దుఃఖం కలిగినప్పుడు అది మెదడులో ఒక అల్లికగా ఏర్పడుతుంది. గొంతులో ఉండకట్టడం, కడుపులో చెయ్యిపెట్టి తిప్పినట్టుండడం, కాళ్ళు బరువెక్కడం, ఇవన్నీ ఆ అల్లికలోని పోగులే. సహవేదిని ఆ పోగుల్ని ఒక మనిషి నుంచి తీసుకుని ఇంకో మనిషికి అందిస్తుంది. మాటలుండవు, బొమ్మలుండవు. ఎవరిదో గుబులు మన గుండెల్లో మనదిగా మొదలవుతుంది. జరిగిన బాధే కాదు, జరగబోయేదాన్ని కూడా అది అల్లగలదు. ఊరొదిలే రోజునీ, కొత్తచోట మొదటి రాత్రినీ తలుచుకోమని మనిషిని అడిగి, ఆ స్పందనని ఇదివరకు అలా ఊళ్ళొదిలినవాళ్ళ రికార్డులతో సరిచూసుకుని, రాబోయే బాధని కడుతుంది. పది నిమిషాలకి మించి పెట్టుకుంటే గుండెకి ప్రమాదం. అందుకని పది నిమిషాలే.

దావూద్‌కి మొదట్నుంచీ అది నచ్చలేదు. "నోటితో చెప్పుకునేదానికి మిషనెందుకమ్మా?" అనేవాడు.

"నోరున్నవాళ్ళకి నోరు చాలు సార్. లేనివాళ్ళ మాటేమిటి?"

రెండో సమావేశం నాడు ఆ లేనివాళ్ళు సభకి వచ్చారు. తిప్పవలస తరఫున మాట్లాడ్డానికి గరికిన దేముడమ్మ అనే ఆవిడ లేచింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఎండుచేపల వ్యాపారం. చేతుల మీద ఉప్పు కోసిన గాట్లు. మైకు ఒకసారి కీచుమంది. ఆవిడ ఉలిక్కిపడి ఒకడుగు వెనక్కి వేసింది.

"మాది తిప్పవలసండి. మూడుపాల్లు ఎనక్కి జరిగినామండి. మా అత్త ఉన్నప్పుడోపాలి, నా పెళ్ళయినాక రెండుపాల్లు. ఇల్లిప్పడం, మోసుకెల్లడం, మల్లీ కట్టుకోడం..." ఆగింది. చేతులు నలుపుకుంది. "ఏటో సెప్దామని వొచ్చినానండి. మర్సిపోనాను."

సభంతా ఎదురుచూసింది. దేముడమ్మ కూర్చోలేదు, మాట్లాడనూ లేదు. వరసలో ఒక్కొక్కరి మొహమూ చూస్తూ నిలబడింది. ముందు వరసలో ఉన్న కామేశ్వరి దగ్గర ఆ చూపు ఆగింది.

"నీకూ నీళ్ళు నేవంట గదమ్మా" అంది. "మాకూ నేవు."

అంతే. కూర్చుంది. కామేశ్వరి తలొంచుకుని చీరంచు చూసుకుంటూ ఉండిపోయింది. సాయంత్రం దావూద్, ఎటు మొగ్గుందో తెలుసుకోవడానికి, ఉత్తుత్తి ఓటు పెట్టించాడు. బయటి గీతకి ముప్పై ఐదు, లోపలి గీతకి ఇరవై ఐదు.

ముప్పై ఐదు మంది తిప్పవలసని లోపలికి తీసుకుంటామన్నారు. సుభాషిణికి మాత్రం ఆ తడబాటే కళ్ళముందు కదిలింది. ఇంత బాధున్న మనిషి ఇంత తక్కువ చెప్పగలిగింది. ఒక్క మాట కూడా సరిగా రాకుండానే ముప్పై ఐదొస్తే, ఆవిడ గుండెలో ఉన్నదంతా తెలిస్తే అరవైకి అరవై రావూ? ఆఖరి ఓటులో పదిమంది అటూ ఇటూ అయితే ఏం గతి?

ఆ వారంలోనే సహవేదినిని ఆఖరి సమావేశంలో వాడటానికి అనుమతి సంపాదించింది. దావూద్ సంతకం పెడుతూ ఒక్క మాటన్నాడు. "అందరికీ టోపీలు అమర్చి, తియ్యడానికే గంటన్నర పడుతుంది. సాక్షుల సమయం కుదించాలి. తిప్పవలసవాళ్ళని మళ్ళీ పిలవలేం."

"పిలవడమెందుకు సార్, వాళ్ళు అందరి గుండెల్లోనూ ఉంటారు కదా!"

మర్నాడు పడవెక్కి తిప్పవలస వెళ్ళింది. ఇసుకమేట మీద రేకుల ఇళ్ళు, వాటి మధ్య తాళ్ళమీద ఆరేసిన సావళ్ళ చేపలు, ఎండు నెత్తళ్ళ వాసన. దేముడమ్మ చేపలు తిరగేస్తూ తలెత్తి చూసింది.

"రాతల్లీ. ఆ యాల నాను బాగా మాటాడనేదు. ఊరోళ్ళంతా తిట్టినారు."

"మీరేం మాట్లాడక్కర్లేదమ్మా ఇక" అంటూ సుభాషిణి టోపీ చూపించింది. అది ఏం చేస్తుందో తనకి తెలిసిన తేలికమాటల్లో విడమరిచి చెప్పింది.

దేముడమ్మ టోపీని తిప్పి తిప్పి చూసింది. "అంటే నా బాద ఆళ్ళకి ఎక్కుతాదా?"

"ఎక్కుతుంది. పది నిమిషాలపాటు వాళ్ళంతా మీరైపోతారు."

"అయినాక?"

"అయ్యాక మిమ్మల్ని వదిలెయ్యలేరు. నేను మాటిస్తున్నాను."

ఆ మాట అనాల్సిన అవసరం లేదు. అయినా అంది. దేముడమ్మ ఆమె మొహంలోకి చూసి, మాటిచ్చినవాళ్ళని నమ్మే అలవాటున్న మనిషిలా తలూపి, టోపీ పెట్టించుకుంది. సుభాషిణి మెల్లగా అడుగుతూ పోయింది. ఊరొదిలే రోజు తలుచుకోండి. పడవలు అమ్మేసే రోజు. మెట్టమీద తెల్లారగట్ల మెలకువ వచ్చి అలల చప్పుడు వినబడకపోవడం తలుచుకోండి. ఆ చివరిదానికి దేముడమ్మ రెండు చేతులతో ఇసుక గట్టిగా పట్టుకుంది. తెర మీద గీతలు సుభాషిణి ఎన్నడూ చూడనంత ఎత్తుకి లేచాయి. అంత నిక్కమైన దుఃఖాన్ని ఆమె యంత్రం అంతకుముందెప్పుడూ పట్టలేదు. తనలోని శాస్త్రవేత్త ఆ క్షణాన సంతోషించిందని ఆమె తరవాత సిగ్గుతో ఒప్పుకుంది.

పని అయ్యాక అంగీకార పత్రం మీద దేముడమ్మ వేలిముద్ర వేసింది.

ఆఖరి సమావేశం ఆదివారం పొద్దున జరిగింది. అరవై కుర్చీలు, అరవై టోపీలు. సుభాషిణి మీట నొక్కింది.

మొదటి నిమిషంలో ఏమీ లేదు. రెండో నిమిషంలో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. తరవాత హాలంతా కదిలిపోయింది. కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన చిన్నపిల్లాడిలా మోకాళ్ళు పట్టుకున్నాడు. కాలేజీ అమ్మాయొకతె పక్కనున్న తెలియని మనిషి భుజం మీద తల వాల్చేసింది. కామేశ్వరి సరేసరి, వెక్కి వెక్కి ఏడ్చింది. "అయ్యో తల్లీ, అయ్యో తల్లీ" అంటూ గాలిలోకి చేతులు చాచింది, ఎవర్నో పట్టుకోవడానికన్నట్టు. గోడవారన నిలబడ్డ సుభాషిణికి కూడా కళ్ళు నిండాయి. తాతగారు గుర్తొచ్చారు. తెలిసింది తాతయ్యా, వాళ్ళకి తెలిసింది, అనుకుంది.

టోపీలు తీశాక టీ ఇచ్చారు. సభ మొహం మారిపోయి ఉంది. నెల రోజులుగా వాదించుకున్నవాళ్ళు ఒకర్నొకరు వాటేసుకున్నారు. అందరి మొహాల్లోనూ వానవెలిసిన తరవాతి తేటదనం. చర్చకి అరగంట ఉంచారు గానీ మాట్లాడినవాళ్ళు ఇద్దరే. "ఇక అనుకోడానికేముంది, అంతా తెలిశాక" అన్నాడు పెద్దాయన. అందరూ తలలూపారు.

ఓట్లు లెక్కపెట్టి దావూద్ కాగితాన్ని మళ్ళీ ఒకసారి సరిచూసుకున్నాడు. తరవాత చదివాడు.

"బయటి గీతకి ఇరవై రెండు. లోపలి గీతకి ముప్పై ఎనిమిది."

సుభాషిణి తప్పు విన్నాననుకుంది. రెండు గీతలూ తారుమారుగా చదివాడేమో అనుకుంది. తారుమారు కాలేదు. సభ వెంటనే ఇంకో తీర్మానం కూడా చేసింది, ఇది ఏకగ్రీవంగా: 'తిప్పవలస ప్రజల త్యాగానికి ఈ సభ కన్నీటితో నమస్కరిస్తోంది. కట్ట మీద వారి పేరిట ఒక శిలాఫలకం నిలపాలి.' త్యాగం చేస్తామని తిప్పవలసలో ఎవరూ అనలేదన్న సంగతి ఆ హాల్లో ఎవరికీ తట్టలేదు.

మర్నాడు పొద్దున ఆమె కామేశ్వరి హోటలుకి వెళ్ళింది. ఇడ్లీ పెట్టబోతే వద్దంది.

"ఓటు రహస్యం. మిమ్మల్ని అడగకూడదు" అంది సుభాషిణి.

"అడగండమ్మా, చెబుతాను. దాచుకునే పని చెయ్యలేదు." కామేశ్వరి పొయ్యి తగ్గించి వచ్చి ఎదురుగా కూర్చుంది. "లోపలి గీతకే వేశాను."

"మొదటిసారి?"

"మొదటిసారి బయటి గీతకి వేశాను."

"మరి? ఆవిడ బాధ తెలిశాక కూడా..."

"తెలిశాకే వెయ్యగలిగానమ్మా." ఆవిడ గొంతులో దబాయింపు లేదు. "ఆవేళ ఆ దేముడమ్మ నాకేసి చూసి అంది చూడండి, మాకూ నీళ్ళు లేవని, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆవిడ కష్టం ఎంతుంటుందో, ఎట్లాంటిదో, నాకు అందలేదు. అంతులేని బావిలోకి తొంగిచూసినట్టుంది. అంత తెలియని పని నా చేత్తో ఎలా చెయ్యను? భయమేసింది. మీ టోపీ పెట్టుకున్నాక ఆ భయం పోయింది. అడుగు తగిలింది. కడుపారా ఏడ్చాను. తీశాక చూస్తే నేను బతికే ఉన్నాను, టీ తాగాను. పాపం చాలా కష్టమే. కానీ తట్టుకోగలిగేదే అనిపించింది. నేను తట్టుకున్నాను కదా, ఆవిడా తట్టుకుంటుంది."

"అది పది నిమిషాలేనండీ."

"నాకు తెలుసు." కామేశ్వరి లోపలిగదివైపు చూసింది. అక్కడ మంచం మీద చెల్లెలు పడుకుని ఉంది. "దానికి ఏడేళ్ళు లేవమ్మా. ఆ సంగతి నాకు మొదటిసారీ తెలుసు, రెండోసారీ తెలుసు. మొదటిసారి ఆవిడకి అన్యాయం చెయ్యడానికి చెయ్యి రాలేదు. రెండోసారి... ఆవిడకోసం నేను చెయ్యాల్సిందేదో చేసేసినట్టుంది. ఏడ్చాం కదమ్మా, అరవైమందిమీ. ఇంకేం చెయ్యమంటారు?"

సుభాషిణి లేచింది. అక్కడ కూర్చున్న ఆ మనిషి రాక్షసి కాదు. చీటీ వచ్చిందని పొంగిపోయి, వచ్చిన నీళ్ళలో సగం పక్కింటి బాలింతకి పంచిపెట్టిన మనిషి.

అక్కడి నుంచి నేరుగా దావూద్ గదికి వెళ్ళింది. ఆయన ముందు ఆమె పాత నివేదికలన్నీ పరిచి ఉన్నాయి. రాత్రంతా చదివినట్టున్నాడు.

"రెండువందల మంది మీద పరీక్షలు చేశావమ్మా. జాలి కలిగిందా అని అడిగావు. నూటికి తొంభై ఏడుమంది కలిగిందన్నారు. ఆ తరవాత వాళ్ళేం చేశారో ఎక్కడా లేదు."

"జాలి కలిగాక ఏం చేస్తారన్నది వేరే అడగాలని నాకు తోచలేదు సార్."

"నాకూ తోచలేదు. అందుకే సంతకం పెట్టాను." దావూద్ కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "ఆవేళ ఆవిడ మైకు దగ్గర మాట మర్చిపోయి నిలబడింది. నువ్వు సిగ్గుపడ్డావు, నేనూ పడ్డాను. కానీ ఆ నిలబడ్డమే పనిచేసిందమ్మా. ఎదురుగా ఉన్న మనిషి బాధ మనకి అందదు. అందదు కాబట్టే ఆ మనిషికి జవాబుదారీగా ఉండాల్సొస్తుంది. మనం ఆ బాధని తెచ్చి వాళ్ళ చేతికిచ్చి, మనిషిని ఇంటిదగ్గర వదిలేశాం. నిన్న ఆవిడ ఆ హాల్లో ఉండి, ఒక్కొక్కరి మొహమూ చూస్తూ ఉంటే..."

"తీర్పు తిరగదోడలేమా?"

"సభ తేల్చిందే చట్టం. ఆ మాట చట్టంలో రాయించడానికి నేను ముప్పై ఏళ్ళు తిరిగాను" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు ముసలిదైపోయింది.

వారం తిరక్కుండా రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. గుండ్లేటి సభ రాష్ట్రంలోనే ఆదర్శంగా ముగిసిందట. ఒక్క నిరసన లేదు, ఒక్క కోర్టు కేసు లేదు. ఓడిన పక్షం మీద ఇంత గౌరవం చూపిన సభ ఇదివరకు లేదు. ఇక మీదట గనుల మీదా, జలాశయాల మీదా కూర్చోబోయే తొమ్మిది పౌరసభల్లోనూ సహవేదినిని వాడాలని నిర్ణయించారు. సభ్యులకి ముందుగా అలవాటు చేయించడానికి తిప్పవలస రికార్డునే నమూనాగా పంపుతున్నారు, ఎందుకంటే దానంత బలంగా ఏడిపించేది మరొకటి దొరకలేదు. సుభాషిణి ఆపమని మూడుసార్లు రాసింది. యంత్రం హక్కులు ఆమెవి కావు, సంస్థవి. వేలిముద్ర ఉన్న పత్రంలో 'ప్రజాప్రయోజనం కోసం ఎక్కడైనా' అన్న మాటలున్నాయి. ఆ మాటలు రాసింది ఆమే.

తిప్పవలసకి వెళ్ళడానికి ఆమెకి ఇరవై రోజులు పట్టింది. కబురు అప్పటికే చేరింది. కొందరు రేకులు విప్పడం మొదలుపెట్టారు. పడవ దిగుతున్న ఆమెని చూసి మగవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. దేముడమ్మ గుమ్మంలో కూర్చుని వల చిక్కు తీస్తోంది. పక్కన చోటు చూపించింది.

"కూకో తల్లీ."

సుభాషిణి కూర్చుంది.

"నా బాద ఆళ్ళకి ఎక్కినాదా?" దేముడమ్మే అడిగింది.

"ఎక్కిందమ్మా."

"ఏడిసినారా?"

"అందరూ ఏడ్చారు."

దేముడమ్మ వేళ్ళు చిక్కు దగ్గర ఆగాయి. కాసేపు సముద్రంవైపు చూసింది. "అలగయితే మిసను సరిగ్గానే పనిసేసినాది" అంది. ఆ మాటలో వెటకారం లేదు. అది ఉండి ఉంటే సుభాషిణికి కొంత ఊరటగా ఉండేది.

"నాను రాకపోడం తప్పయిపోనాదేమో తల్లీ. మల్లీ పిలుత్తారని రోజూ సూసినాను. ఈపాలి ఏటి మాటాడాలో బాగా అనుకున్నాను కూడా."

"పిలవొద్దన్నది నేనమ్మా. మీరు రానక్కర్లేదన్నది నేనే."

దేముడమ్మ వలని ఒళ్ళోంచి పక్కన పెట్టింది. "ఒకటడుగుతాను. ఆ టోపీలో నాను ఉన్నాను గదా. పనయిపోనాది గదా. నన్నందులోంచి తీసీగలవా?"

సుభాషిణి నిజం చెప్పింది. తీయలేనంది. తొమ్మిది చోట్లకి వెళ్ళిందంది. సముద్రం మొహం ఎరగని ఊళ్ళలో కూడా మనుషులు ఆ టోపీ పెట్టుకుని, అలల చప్పుడు వినబడని తెల్లవారుజాముకి ఏడుస్తారంది.

"ఏడిసి?"

"ఏడ్చి... ఓటేస్తారు."

"ఆళ్ళూ ఇలగేనా?"

సుభాషిణి తలూపింది. ఇక ఆపుకోలేకపోయింది. మోకాళ్ళ మీద మొహం పెట్టుకుని భోరుమంది. తాతగారి కోసం, ఇచ్చిన మాట కోసం, పన్నెండేళ్ళ పని కోసం, ఇంకెక్కడో ఏ కొండవాలునో తన పేరు కూడా వినకుండా ఇళ్ళు పోగొట్టుకోబోయేవాళ్ళ కోసం. ఏడుస్తుంటే లోపల బిగుసుకున్నదేదో మెల్లగా వదులవుతోంది. ఊపిరి ఆడుతోంది. ఇరవై రోజులుగా గుండెమీదున్న బండ జరుగుతోంది.

దేముడమ్మ చెయ్యి ఆమె వీపుమీద పడింది. గరుకుచెయ్యి. పసిపిల్లని జోకొట్టినట్టు తట్టింది.

"ఏడు తల్లీ, ఏడు. ఏడిస్తే తేలికవుతాది."

సుభాషిణి ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

తలెత్తింది. కళ్ళు తుడుచుకుంది. ఇంకో కన్నీటిచుక్క రాకుండా పళ్ళు బిగబట్టింది. ఆ బండని మళ్ళీ రెండు చేతులా లాక్కుని గుండెమీద పెట్టుకున్నట్టు నిటారుగా కూర్చుంది. దేముడమ్మ వింతగా చూసింది. వల మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

రేవులో పడవవాడు రెండుసార్లు కేకేశాడు. సుభాషిణి లేవలేదు. కాసేపటికి ఇంజను చప్పుడు పాయలోకి మళ్ళి దూరమైపోయింది. అప్పుడామె వల రెండో కొస అందుకుని, ఎలా పట్టుకోవాలో తెలియక, దేముడమ్మ చేతులకేసి చూసింది.